‘బాగుందండి’ అన్నాక అడగాల్సిన ప్రశ్నలు

విశాఖ జగదాంబ జంక్షన్‌లో నిలబడి వచ్చేపోయేవాళ్లను ఆపి "ఇంగ్లీష్ మాట్లాడటం నేర్చుకోవాలని ఉందా?" అని అడిగితే లేదనేవాళ్లు దొరకడం కష్టం. డిగ్రీ చదివే అమ్మాయి ఉందంటుంది. ఆటో డ్రైవర్ ఉందంటాడు. మనవడిని బీచ్‌కు తీసుకెళ్తున్న పెద్దాయన కూడా "ఈ వయసులో ఎందుకు బాబూ" అని నవ్వేసి, ఆ వెంటనే "వస్తే మంచిదే కదా" అంటాడు. రోజుకు పది నిమిషాలు కేటాయించగలరా అంటే ఎందుకు కేటాయించలేమంటారు. యాప్ ఉంటే వాడతారా అంటే తప్పకుండా అంటారు. భాష నేర్పే యాప్ చేద్దామనుకున్న బృందం ఈ జవాబులన్నీ కూడి ఒక స్లైడ్ మీద పెట్టుకుంటే కస్టమర్లు ఊరంతా కనిపిస్తారు. యాప్ బయటికొచ్చి నెల తిరగ్గానే దాన్ని తెరిచేవాళ్లు మాత్రం అందులో చిన్న వంతు.

అలాగని జనం అబద్ధమాడారని కాదు. లోపం ప్రశ్నలోనే ఉంది. ఇంగ్లీష్ వద్దనడమంటే మన దగ్గర దాదాపు చదువు వద్దన్నట్టే. చేతిలో ట్యాబ్ పట్టుకుని ఎదురుగా నిలబడ్డ కుర్రాడితో ఆ మాట ఎవరంటారు? మనుషులు చెప్పేదానికీ చేసేదానికీ ఎంత తేడా ఉంటుందో రిచర్డ్ లాపియర్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1934లోనే చూపించాడు. చైనీయుల మీద అమెరికాలో వివక్ష గట్టిగా ఉన్న రోజుల్లో ఆయన ఒక చైనీస్ జంటతో కలిసి దేశంలో చాలా దూరం తిరిగాడు. 251 హోటళ్లు, రెస్టారెంట్లలో ఒక్కచోట మాత్రమే వాళ్లను రానివ్వలేదు. కొన్ని నెలలయ్యాక ఆ చోట్లకే "చైనీయులను మీ దగ్గరికి రానిస్తారా?" అని ఉత్తరాలు రాస్తే, జవాబిచ్చిన 128 మందిలో 90 శాతానికి పైగా రానివ్వమని చెప్పారు. అక్కడ మాట కటువు, చేత మెత్తన. యాప్‌ల దగ్గర ఇది తిరగబడుతుంది. మాట ఘనంగా ఉంటుంది, చేత కనిపించదు. రెండుచోట్లా తేలేది ఒకటే: ఊహించి చెప్పిన జవాబు మీద ఇల్లు కట్టకూడదు.

అందుకే యూజర్ రీసెర్చ్‌లో, అంటే వాడేవాళ్లను అడిగి, గమనించి తెలుసుకునే పనిలో, పనికొచ్చే ప్రశ్నలన్నీ జరిగిపోయిన సంగతుల మీదే ఉంటాయి. "ఈమధ్య ఇంగ్లీష్‌లో మాట్లాడాల్సి వచ్చింది ఎప్పుడు? ఎవరితో? ఫోన్లోనా, ఎదురుగానా? మీరేమన్నారు, వాళ్లేమన్నారు?" అని అడిగి, ఆఖరున "మరి పనెలా అయింది?" అని అడగాలి. ఈ ఆఖరి ప్రశ్నే అన్నిటికంటే విలువైనది. భాష రానంత మాత్రాన ఎవరి పనీ ఆగిపోదు. ఏదో దారి వెతుక్కునే ఉంటారు. యాప్ నిజంగా పోటీపడాల్సింది ఆ దారితోనే.

విశాఖలాంటి ఊళ్లో ఆ దారులు రకరకాలుగా ఉంటాయి. పోర్టు చుట్టూ అల్లుకున్న క్లియరింగ్, షిప్పింగ్ ఆఫీసుల్లో ఒక గుమాస్తాను ఊహించుకుందాం. రోజూ ఇంగ్లీష్‌లో మెయిళ్లు పంపుతాడు. ఎలా అంటే, పాత మెయిల్ తెరిచి ఓడ పేరు, తేదీ, కంటైనర్ నంబరు మార్చి పంపేస్తాడు. కాబట్టి అతనికి ఉత్తరాలు రాయడం నేర్పితే వాడడు. అతని ఇబ్బందంతా ఆ మెయిల్ అందుకున్న ముంబై ఆఫీసువాళ్లు వెంటనే ఫోన్ చేసినప్పుడు. బీచ్ రోడ్డు హోటల్‌లో పనిచేసే కుర్రాడికి గదిలోని అతిథి ఎదురుగా నిలబడి సైగ చేస్తే అర్థమవుతుంది. అదే మాట ఇంటర్‌కమ్‌లో వస్తే అర్థం కాదు. అతను రిసీవర్‌ను పక్కనున్న సీనియర్‌కు ఇచ్చేస్తాడు. ప్రైవేటు స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ అంటే ఒక తల్లి భర్తను పంపిస్తుంది. ఆయనకు డ్యూటీ ఉంటే తమ్ముడిని పంపిస్తుంది. ఆవిడకు కావాల్సింది ఏడాదికి రెండు మూడుసార్లు, అదీ ఒక పావుగంట. ఈ ముగ్గురూ సర్వేలో "స్పోకెన్ ఇంగ్లీష్" అన్న గడిలోనే టిక్కు పెడతారు. ముగ్గురికీ కలిపి ఒకే కోర్సు తయారుచేస్తే అది "ఐ యామ్ ఎ బాయ్" దగ్గర మొదలై ముగ్గురిలో ఎవరి దగ్గరికీ చేరదు.

ఇలాంటి సంభాషణల్లో పదేపదే వినిపించే మాట ఒకటుంది. "అర్థమవుతుందండీ, నోట్లోంచే రాదు." తెలుగునాట ఇంగ్లీష్ కష్టాలన్నిటినీ కుదిస్తే ఈ వాక్యమే మిగులుతుంది. ఇంటర్ దాకా ఇంగ్లీష్ ఒక సబ్జెక్టుగా చదివినవాడికి వేల పదాలు తెలుసు. సినిమా సబ్‌టైటిల్స్ చదవగలడు, బ్యాంకు మెసేజ్ అర్థం చేసుకుంటాడు. విని, చదివి గుర్తుపట్టడం వేరు, అవసరమైన క్షణంలో తనంతట తాను పలకడం వేరు. ఈ రెండిటి మధ్య దూరం మన దగ్గర చాలా ఎక్కువ. యాప్ మాత్రం చాలావరకు మొదటిదానికే సాన పెడుతుంది. బొమ్మ చూపించి నాలుగు పదాల్లో ఒకటి ఎంచుకోమనడం తేలిక, దిద్దడం ఇంకా తేలిక. యూజర్‌కు అప్పటికే వచ్చిన విద్యకు మార్కులు వేసి పొగడటమే ఇది.

మైక్ గుర్తు మీద వేలు ఎందుకు పడదు

నోటితో పలికించే పాఠాలు పెట్టినా చాలామంది వాటిని దాటేస్తారు. డేటాలో ఇది "ఆసక్తి లేదు" అన్నట్టు కనిపిస్తుంది. పక్కన కూర్చుని చూస్తేగానీ కారణం తెలియదు. యాప్ తెరిచిన సమయంలో మనిషి ఎక్కడున్నాడన్నదే ఇక్కడ కీలకం. మద్దిలపాలెం నుంచి గాజువాక వెళ్లే బస్సులో నిలబడి ఉన్నాడు. హాస్టల్ గదిలో మరో ముగ్గురున్నారు. కంచరపాలెంలో రెండు గదుల పోర్షన్, ముందు గదిలో టీవీ, వెనక గదిలో పడుకున్న అత్తగారు. అక్కడ గట్టిగా "కుడ్ యూ ప్లీజ్ రిపీట్ దట్?" అనడానికి ఎంత ధైర్యం కావాలో ఆఫీసు ఏసీ గదిలో డిజైన్ చేసేవాళ్లకు తట్టదు. "ఏటి, దొరసానమ్మ అయిపోతున్నావా?" అని ఇంట్లోవాళ్లు సరదాకి అన్నా సరే, ఆ రోజుతో మైక్ పాఠాలు బంద్.

పరాయి భాష మాట్లాడేటప్పుడు పుట్టే ఈ బెరుకును పరిశోధకులు ఎప్పుడో పట్టించుకున్నారు. ఎలైన్ హార్విట్జ్, ఆమె సహచరులు 1986లో దీన్ని కొలవడానికి ప్రశ్నల పట్టిక తయారుచేశారు. తప్పు మాట్లాడితే పక్కవాళ్లు ఏమనుకుంటారోనన్న భయం, పరీక్ష భయం, ఎదుటివాడి మాట అర్థం కాదేమోనన్న టెన్షన్, ఈ మూడిటి చుట్టూ వాళ్లు దాన్ని వివరించారు. మన సందర్భంలో దీనికి ఇంకో మెలిక ఉంది. భయపడేది ఎక్కువగా తెల్లవాడి ముందు కాదు, మనవాళ్ల ముందు. పూర్తిగా అపరిచితుడైన విదేశీ టూరిస్టుతో అరకొర ఇంగ్లీష్‌లో ధైర్యంగా బేరమాడే దుకాణదారు, ఇంగ్లీష్ మీడియంలో చదివిన సొంత మేనల్లుడి ముందు నోరు విప్పడు.

ఈ సంగతి తెలిశాక డిజైన్ మారక తప్పదు. "ఇప్పుడు మాట్లాడలేను" అన్న బటన్ పెట్టడం డ్యువోలింగో లాంటి యాప్‌లు చేస్తున్నదే. దాన్ని నొక్కినప్పుడు ఆ అభ్యాసాన్ని పారేయకుండా, మనిషి ఒంటరిగా దొరికే వేళకు దాచిపెట్టడం తర్వాతి మెట్టు. ఆ వేళ ఏదో యాప్ ఊహించకూడదు, అడగాలి. బండి మీద వెళ్లేవాళ్లు హెల్మెట్ లోపల గొణుక్కుంటారు, కొందరు మేడ మీద బట్టలు ఆరేసేటప్పుడు అనుకుంటారు. ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకుని, ఎవరితోనో కాల్ మాట్లాడుతున్నట్టు నటిస్తూ అభ్యాసం చేసే వీలు కల్పిస్తే బస్సులో కూడా ఎవరూ తిరిగి చూడరు. ఇలాంటి ఆలోచనలు సర్వే పట్టికలోంచి పుట్టవు.

మైక్ దగ్గర రెండో సమస్య ఉచ్చారణకు వేసే మార్కులు. తెలుగువాళ్లు ఇంగ్లీష్ ‘టి’, ‘డి’ శబ్దాలను మన ట, డల్లాగా నాలుక మడిచి పలుకుతారు. ‘వి’కి, ‘డబ్ల్యూ’కి మన దగ్గర ఉన్నది ఒకటే వ. ఎ, ఒలతో మొదలయ్యే మాటల ముందు కొద్దిగా య, వ వచ్చి చేరతాయి, ‘ఎగ్’ కాస్తా ‘యెగ్’ అవుతుంది. వీటిలో కొన్ని అవతలివాడిని తికమక పెడతాయి, చాలావరకు పెట్టవు. నాలుక మడిచిన ట దేశమంతటికీ అలవాటే. అర్థం చెడని చోట కూడా ఎర్రరంగు చూపించి "మళ్లీ ప్రయత్నించండి" అనే యాప్, మనిషిలో ఉన్న బెరుకుకు తన వంతు జోడిస్తోంది. అర్థం మారేచోట మాత్రమే ఆపాలి, మిగతాచోట్ల పోనివ్వాలి. ఇది జాలిపడి ఇచ్చే రాయితీ అనుకోవక్కర్లేదు, ఎదుటివాడికి అర్థమవ్వడమే ఉచ్చారణకు అసలు కొలత.

వ్యాకరణంలో పరిస్థితి వేరు. అక్కడ తెలుగు నిర్మాణం ఎక్కడ అడ్డొస్తుందో ముందే తెలిస్తే పాఠాల వరుసే మార్చుకోవచ్చు. మనకు ఇంగ్లీష్‌లోలాగా ‘ఎ’, ‘ద’ లేవు. క్రియ చివర వస్తుంది. "నాకు ఇద్దరు పిల్లలు", "నాకు ఆకలి", "నాకు తెలుసు" అన్నిటినీ ‘నాకు’తోనే నడిపించేస్తాం. ఇంగ్లీష్ వీటికి మూడు వేర్వేరు దారులు పడుతుంది. స్పానిష్ మాట్లాడేవాళ్ల కోసం తయారైన కోర్సుకు తెలుగు అనువాదం తగిలిస్తే ఈ చిక్కుముళ్లు ఒక్కటీ అందులో కనిపించవు.

ఒక ఫోను, ఇద్దరు యూజర్లు

రిజిస్టర్ చేసుకున్నవాడూ వాడుతున్నవాడూ ఒకరే అనుకోవడం యాప్ లెక్కల్లో ఉండే పాత నమ్మకం. మధ్యతరగతి, అంతకన్నా కిందిస్థాయి ఇళ్లలో ఫోన్ చాలావరకు ఉమ్మడి ఆస్తి. పగలు తల్లి పాఠం మొదలుపెడుతుంది, సాయంత్రం ఆరో తరగతి చదివే కొడుకు అదే అకౌంట్‌లో టకటకా లెవెల్స్ దాటేస్తాడు. మర్నాడు తల్లి తెరిచేసరికి తనకు అర్థంకాని పాఠం ఎదురవుతుంది. ఆమె తప్పుకుంటుంది. కంపెనీ దగ్గరున్న గ్రాఫ్ మాత్రం "యూజర్ వేగంగా ఎదిగి, కష్టమైన చోట ఆగిపోయింది" అని చెబుతుంది. ఆ గ్రాఫ్‌ను నమ్మి పాఠాలను ఇంకా తేలిక చేస్తే కొడుకుకి విసుగు, తల్లికి ఉపయోగం సున్నా.

ఇందులో చట్టపరమైన కోణమూ ఉంది. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 18 ఏళ్లలోపువాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వాళ్ల సమాచారం తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది, వాళ్ల ప్రవర్తనను వెంటాడి గమనించడాన్ని నిషేధిస్తుంది. అకౌంట్ తల్లి పేరు మీద, గొంతు పిల్లవాడిది అయినప్పుడు రికార్డు చేసిన ఆ గొంతు ఎవరిదని రాసుకోవాలి? తెరవగానే "ఇప్పుడు ఎవరు చదువుతున్నారు?" అని రెండు బొమ్మలు చూపించడం ఈ తలనొప్పిలో సగాన్ని తీసేస్తుంది. టీవీ యాప్‌లు ఎప్పటినుంచో చేస్తున్న పనే.

రోజువారీ డేటా ప్యాక్ అయిపోయాక రాత్రి పాఠం తెరుచుకోకపోవడం, స్టోరేజ్ నిండితే ముందుగా తీసేసేది చదువు యాప్‌నే కావడం అందరికీ తెలిసినవే. సాగదీయక్కర్లేదు.

తెలుగులో బటన్లు, తెలుగులో ప్రశ్నలు

యాప్‌ను యూజర్ చేతికిచ్చి, ఏం చేస్తున్నారో బయటికి అనుకుంటూ చేయమని చెప్పి గమనించడం ఈ రంగంలో బాగా నిలదొక్కుకున్న పద్ధతి. ఎంతమందితో చేయాలన్న ప్రశ్నకు అందరూ చెప్పే అంకె 5. పరిశోధకులు జాకబ్ నీల్సన్, థామస్ లాండవర్ 1993లో వేసిన లెక్క దీనికి మూలం. ఒక్కో యూజర్ సగటున 31 శాతం లోపాలను బయటపెడితే, ఐదుగురు అయ్యేసరికి దాదాపు 85 శాతం లోపాలు బయటపడతాయి. ఈ అంకెను చాలా బృందాలు తాయెత్తులా కట్టుకుని తిరుగుతాయి. కానీ ఆ ఐదుగురూ ఒకే తరహా వాళ్లయితేనే ఆ లెక్క పనిచేస్తుంది. ఋషికొండ ఐటీ కొండ మీద క్యాంటీన్‌లో దొరికిన ఐదుగురిని కూర్చోబెట్టి, ఆటోనగర్ వెల్డర్‌కు యాప్ సరిపోతుందని తేల్చేస్తే అది నీల్సన్ తప్పు కాదు. గుంపులు వేరైతే ఒక్కో గుంపులోంచి విడివిడిగా ముగ్గురు నలుగురిని చూడాలని ఆయనే చెప్పాడు.

సరే, మనిషి దొరికాడు, కూర్చున్నాడు. యాప్ చూపించారు. "బాగుందండి" అంటాడు. మన ఊళ్లలో ఈ మాటకు అర్థం బాగుందని కాదు. చుట్టాలింట్లో ఇచ్చిన కాఫీ గురించి చెప్పే మాట లాంటిదే ఇదీ. పరిశోధకుడిని "సార్" అని పిలుస్తున్నంతసేపూ అతను పరీక్ష రాస్తున్నట్టే ఉంటాడు. తప్పు నొక్కితే "సారీ సార్" అంటాడు. ఇంగ్లీష్ యాప్ అయ్యేసరికి ఈ బెరుకు ఇంకో రెండింతలు, ఎందుకంటే అది అతని జీవితంలో నిజంగానే పరీక్ష. దీనికి కొన్ని విరుగుళ్లు ఉన్నాయి. యాప్ తయారుచేసింది వేరేవాళ్లని చెప్పడం ఒకటి. ఒక్కరిని కాకుండా ఇద్దరు స్నేహితులను కూర్చోబెట్టి ఒకే ఫోన్ ఇవ్వడం ఇంకొకటి. వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు "ఒరేయ్, ఇది కాదురా, పైది నొక్కు" అనుకునే మాటల్లో, పరిశోధకుడికి చెప్పే మాటల కంటే ఎక్కువ నిజం ఉంటుంది. మూడోది మరీ సులువు: "ఈ యాప్ గురించి మీ అక్కకు ఫోన్ చేసి చెప్పాలంటే ఏమని చెబుతారు?" అని అడగడం. అక్కతో ఎవరూ "బాగుందండి" అనరు.

పరిశోధకుడి భాష కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. ఇంగ్లీష్ ఫారమ్ ఇచ్చి ఇంగ్లీష్ రానివాళ్లను ఎంపిక చేసుకోవడం అనే వింత ఇప్పటికీ జరుగుతూనే ఉంది. తెలుగులో అడిగినా, ఉత్తరాంధ్ర మనిషి తన మాటల్లో "మద్దెలో ఒగ్గీసానండి, నైట్ డ్యూటీ పడిపోనాది" అని చెప్పినదాన్ని "సమయాభావం వల్ల మానేశాను" అని రాసుకుంటే సగం సమాచారం అక్కడే పోయింది. సమయం లేకపోవడం వేరు, నైట్ డ్యూటీ పడటం వేరు. స్టీల్ ప్లాంట్, రిఫైనరీ, పోర్టు ఉన్న ఊళ్లో షిఫ్టులు మారుతుంటాయి. ప్రతిరోజూ రాత్రి ఎనిమిదింటికి గుర్తుచేసే నోటిఫికేషన్ ఒక వారం డ్యూటీలో ఉండగా మోగుతుంది, ఇంకో వారం డ్యూటీకి బయల్దేరబోయే ముందు మోగుతుంది. ‘ఒగ్గీసాను’ అన్న మనిషి మాటను ఉన్నదున్నట్టు రాసుకుని ఉంటే, షిఫ్టును బట్టి వేళ మార్చుకునే ఏర్పాటు కావాలని ఎవరికైనా తట్టేది.

ఇక బటన్ల మీది తెలుగు. "సమర్పించండి", "కొనసాగించు", "నిష్క్రమించు" అని రాస్తే, తెలుగు మీడియంలో చదివిన మనిషి కూడా ఒక క్షణం ఆగుతాడు. ‘నెక్స్ట్’, ‘ఓకే’, ‘బ్యాక్’ అని తెలుగు లిపిలో రాస్తే ఆగడు. భాషాభిమానులకు ఇది నచ్చకపోవచ్చు. కానీ ఫోన్ వాడకంలో జనం ఇప్పటికే స్థిరపరచుకున్న మాటలను కాదని అనువాదకుడి బల్ల మీద పుట్టిన మాటలు పెట్టడం తెలుగుకు చేసే సేవేమీ కాదు. "తర్వాత", "వెనక్కి", "అయిపోయింది" లాంటి మామూలు తెలుగు మాటలు ఉన్నచోట అవే నయం. వీటితో పాటు చూసుకోవాల్సిన చిన్న సాంకేతిక సంగతి ఉంది. ఇంగ్లీష్ అక్షరాల కొలతకు కట్టిన పెట్టెల్లో తెలుగు ఒత్తులు కింద, గుడులు పైన తెగిపోతాయి. పదం పొడవైతే బటన్ బయటికి పోతుంది. సొంత లిపి విరిగిపోయి కనిపించే యాప్‌ను జనం నాసిరకం సరుకుగానే చూస్తారు.

తేలిగ్గా ఉంటే నేర్చుకున్నట్టేనా

మామూలు యాప్‌ల పరిశోధనకూ చదువు యాప్‌ల పరిశోధనకూ అసలైన తేడా ఇక్కడ మొదలవుతుంది. టికెట్ బుకింగ్ యాప్‌లో కష్టమంటే లోపమే. ఎంత తేలికైతే అంత మంచిది. భాష నేర్పే యాప్‌లో ఈ సూత్రాన్ని కళ్లు మూసుకుని పట్టుకుంటే బోల్తా పడటమే. నేర్చుకోవడమే కొంత కష్టంతో కూడిన పని. కష్టాన్నంతా తీసేస్తే చదువు కూడా దానితో పాటే పోతుంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ బ్యోర్క్ 1990ల నుంచి ‘కోరదగిన కష్టం’ అని చెబుతూ వస్తున్నది దీన్నే.

2006లో మనస్తత్వ శాస్త్రవేత్తలు హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ చేసిన ప్రయోగం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంటుంది. విద్యార్థులకు ఒక వ్యాసం ఇచ్చారు. ఒక గుంపు దాన్ని మళ్లీమళ్లీ చదివింది. ఇంకో గుంపు ఒకసారి చదివి, చూడకుండా గుర్తుతెచ్చుకుని రాయడం పదేపదే చేసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే చదివిన గుంపుకి గుర్తున్నది 40 శాతం, గుర్తుతెచ్చుకున్న గుంపుకి 61 శాతం. ఇందులో యాప్ తయారీదారులు గోడ మీద రాసుకోవాల్సింది ఇంకొకటుంది. తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ నమ్మకంగా చెప్పింది చదివిన గుంపే. అంటే ఎవరు ఎంత నేర్చుకున్నారో నేర్చుకున్నవాళ్లకే సరిగా తెలియదు. అలాంటప్పుడు పాఠం అయిపోగానే "ఈ పాఠం ఎలా ఉంది?" అని ఐదు నక్షత్రాలు చూపించి అడగడంలో అర్థమేముంది? ఎక్కువ నక్షత్రాలొచ్చిన పాఠమే తక్కువ నేర్పిన పాఠం కావచ్చు.

కాబట్టి పక్కన కూర్చుని గమనించేటప్పుడు రెండు రకాల తడబాటును వేరుచేసి రాసుకోవాలి. మాట గుర్తురాక ఆగాడా, బటన్ ఎక్కడుందో తెలియక ఆగాడా? మొదటి ఆగడం చదువులో భాగం, దాన్ని ముట్టుకోకూడదు. రెండోది డిజైన్ లోపం, వెంటనే సరిచేయాలి. బయటినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి, స్క్రీన్ మీద వేలు గాల్లో ఆగిపోయి ఉంటుంది. అప్పుడు "ఏమాలోచిస్తున్నారు?" అని అడిగితేనే తేడా తెలుస్తుంది. సర్వర్‌లో నమోదయ్యే సెకన్ల లెక్క దాన్ని చెప్పలేదు.

నిజమైన ఫలితం కావాలంటే వారం తర్వాత మళ్లీ ఫోన్ చేయాలి. చేసి, పాఠం పేరు కూడా ఎత్తకుండా, ఆ పాఠంలో నేర్చుకున్న మాట అవసరమయ్యే చిన్న సంభాషణ నడపాలి. మరపు ఎంత వేగంగా పడుతుందో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ 1885లో తన మీదే ప్రయోగాలు చేసుకుని రాశాడు. కొంత ఎడమిచ్చి మళ్లీ గుర్తుచేస్తే మరపు నెమ్మదిస్తుందన్న సంగతీ అప్పటినుంచి తెలిసినదే. ఈనాటి యాప్‌లు చాలావరకు ఈ సూత్రం పేరు చెప్పుకుంటాయి. అదే యాప్‌లు వరుసగా ఎన్ని రోజులు తెరిచారన్న ‘స్ట్రీక్’ను పెద్ద అక్షరాలతో చూపిస్తాయి. స్ట్రీక్ తెగకుండా ఉండటానికి రాత్రి పదకొండున్నరకు అతి తేలికైన పాఠం ఒకటి గబగబా ముగించి పడుకునే అలవాటు చాలామందికి ఉంటుంది. అది యాప్‌ను బతికించే అలవాటు, భాషను కాదు. షిఫ్టు డ్యూటీ చేసేవాళ్లకైతే స్ట్రీక్ పెట్టడమే అన్యాయం. వాళ్ల ‘రోజు’ అర్ధరాత్రి పన్నెండుకు ముగియదు.

తెలుగు నేర్చుకోవాలనుకునేవాళ్ల సంగతి

విశాఖలో ప్రయాణం ఒక్క దిక్కుకే లేదు. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం, స్టీల్ ప్లాంట్, రిఫైనరీ, షిప్‌యార్డ్, 2015లో మొదలైన ఐఐఎం, ఇంకా ఎన్నో సంస్థలు ఉత్తరాది నుంచి, ఒడిశా నుంచి, బెంగాల్ నుంచి జనాన్ని ఇక్కడికి తెస్తూనే ఉంటాయి. వాళ్లలో తెలుగు నేర్చుకుందామనుకునేవాళ్లు మొదట్లో చాలామందే. అప్పుడు వాళ్ల చేతికొచ్చే పాఠం "బాలుడు ఆపిల్ తినుచున్నాడు" తరహాలో ఉంటుంది. నేవీ క్వార్టర్స్‌లో ఉండే ఇల్లాలికి కావాల్సింది ఎంవీపీ రైతు బజారులో పావు కిలో, అర కిలో, ముప్పావు కిలో. ఇంట్లో పనిచేసే ఆమెతో "రేపు కాస్త తొందరగా రండి". ఎవరిని నువ్వనాలి, ఎవరిని మీరనాలి అన్న జ్ఞానం. పుస్తకంలో ‘వెళ్తున్నాను’ నేర్చుకుని బయటికెళ్తే, ‘ఎల్తన్నాను’ అని వినబడుతుంది. పలకడానికి పుస్తకంలోది చాలు, వినడానికి మాత్రం ఊరి మాట కూడా నేర్పాలి. ఈ రెండిటినీ విడదీసి ఆలోచించిన కోర్సులు అరుదు.

వీళ్లు తెలుగు నేర్చుకోవడం ఆపేయడానికి ఇంటర్వ్యూల్లో వినిపించే కారణం ఇంకొకటుంది, దానికి యాప్‌లో మందు లేదు. వాళ్లు తెలుగులో మొదలుపెట్టగానే మనవాళ్లు హిందీలోకో ఇంగ్లీష్‌లోకో మారిపోతారు. సాయం చేద్దామనే ఉద్దేశంతోనే. దుకాణదారుకు బేరం త్వరగా తెగాలి, ఎదుటివాడికి వ్యాకరణం దిద్దే ఓపిక ఎందుకుంటుంది? నేర్చుకునేవాడికి మాత్రం రెండో వాక్యం వాడే అవకాశమే రాదు. యాప్ చేయగలిగిందల్లా "తెలుగులోనే చెప్పండి, నేర్చుకుంటున్నాను" అన్న వాక్యాన్ని మొదటి పాఠంలోనే పెట్టడం. ఇరవయ్యో పాఠం దాకా ఆగితే, అప్పటికి ఆ మనిషి హిందీతోనే ఊరంతా తిరగడం అలవాటు చేసుకుని ఉంటాడు.

వెళ్లిపోయినవాళ్లను వెతకడం

ఎక్కువ బృందాలు మాట్లాడేది యాప్‌ను ఇంకా వాడుతున్నవాళ్లతోనే. వాళ్లు సులువుగా దొరుకుతారు, ఉత్సాహంగా మాట్లాడతారు, "ఇంకా కొత్త ఫీచర్లు పెట్టండి" అంటారు. మానేసినవాళ్లు ఫోన్ ఎత్తరు. ఎత్తినా "బిజీ అండి" అని పెట్టేస్తారు. కానీ తెలుసుకోవాల్సిందంతా వాళ్ల దగ్గరే ఉంది. వాళ్ల సమయానికి రీఛార్జ్ రూపంలోనైనా డబ్బిచ్చి, సెలవు రోజు చూసుకుని వెళ్లి మాట్లాడటం ఖర్చుతో కూడిన పనే. అయినా వాడుతున్నవాళ్లు పదిమందితో మాట్లాడేకంటే మానేసినవాళ్లు ముగ్గురితో మాట్లాడటం మేలు.

అక్కడ కూడా "ఎందుకు మానేశారు?" అని అడిగితే "టైమ్ లేదండి" అన్న జవాబే వస్తుంది. ‘ఎందుకు’ అన్న ప్రశ్న మనిషిని సంజాయిషీ చెప్పుకునే స్థితిలోకి నెడుతుంది. "ఆఖరిసారి యాప్ తెరిచిన రోజు ఏం జరిగింది? ఎక్కడున్నారు? పాఠం పూర్తయిందా? ఆ తర్వాత ఏం చేశారు?" అని మెల్లగా వెనక్కి నడిపిస్తే కథ బయటికొస్తుంది. ఒకరి ఫోన్ పగిలింది, కొత్త ఫోన్‌లో పాస్‌వర్డ్ గుర్తులేదు. ఒకరికి ఫ్రీ పాఠాలు అయిపోయి డబ్బులు అడిగింది, కార్డు భర్త దగ్గరుంది. ఇంకొకరు ఇంటర్వ్యూ కోసం నేర్చుకున్నారు, ఉద్యోగం వచ్చింది, యాప్ తీసేశారు. ఈ మూడోవాళ్లను కంపెనీ లెక్కల్లో మొదటి ఇద్దరితో కలిపి ‘పోయిన యూజర్లు’ అన్న గడిలో వేస్తారు. చదువు చెప్పే యాప్‌కు ఇంతకంటే మంచి ఫలితం ఏదీ లేదు, అయినా గ్రాఫ్‌లో అది కిందికి దిగే గీతే. ఈ గీతను విడిగా గీయాలంటే యాప్ తీసేసినవాళ్లకు మెసేజ్‌లో ఒక్క ప్రశ్న పంపితే సరిపోతుంది: "మీరు అనుకున్న పని అయిందా?" అవును, కాదు అని రెండే బటన్లు, తెలుగులో.